పర్షియనా... మెయిన్ కూనా?

పిల్లి ఎదురొస్తే ప్రయాణం ఆపుకున్న ఇళ్లలోనే ఇప్పుడు దానికో పరుపు, ఓ దువ్వెన, వేసవిలో ఏసీ! సెలవులు మొదలైతే చాలు, ‘మనమూ ఓ పిల్లిని తెచ్చుకుందాం’ అని పిల్లల గొడవ. తీరా షాపుకెళ్తే మరో గొడవ... ఏది తెచ్చుకోవాలి?

ఆదివారం పదకొండు గంటలు. హైదరాబాద్‌లో మెట్రో పిల్లర్ల పక్కనే ఉన్న ఓ పెట్ షాపు. అద్దాల అరల ముందు ఓ కుటుంబం నిలబడి చాలాసేపైంది. పై అరలో తెల్లటి పర్షియన్ కూన. దాని ముక్కెక్కడుందో వెతుక్కోవాలి. కింది అరలో గోధుమరంగు చారల మెయిన్ కూన్ పిల్ల. ఇంకా నెలల పిల్లే అంటున్నారు కానీ, మన గోడల మీద తిరిగే పెద్ద పిల్లంత ఉంది. అబ్బాయి నేల మీద చతికిలబడి లేవనంటున్నాడు. “డాడీ, సింహం పిల్లలా ఉంది. ఇదే కావాలి.” వాళ్లక్క చూపు పై అర నుంచి కదలడం లేదు. నాన్న ఫోన్లో ధరలు వెతుకుతున్నాడు. అమ్మ ఇంట్లో సోఫాను తలచుకుంటోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అప్పటిదాకా మూలన కుర్చీలో కూర్చున్న నాయనమ్మ నోరు విప్పింది.

“ఏం బాబూ, ఇంత బొచ్చుందే... దీన్ని రోజూ ఎవరు దువ్వాలి?”

“అవే నాక్కుంటాయి మామ్మగారూ, మీకేం పని ఉండదు” అన్నాడు షాపతను.

అసలు అడగాల్సిన ప్రశ్న ఆవిడే అడిగింది. జవాబు మాత్రం తేలిపోయింది. మెడలో జూలు, కుచ్చు తోక, గాజు గోళీల్లాంటి కళ్లు... పిల్లిని ఎంచుకునేటప్పుడు మనం చూసేవి ఇవి. ఇంటికి తెచ్చాక పదిహేనేళ్లపాటు తేలాల్సిన లెక్కలు వేరు. దువ్వడానికి చేయి ఎవరిది, పగలంతా ఇంట్లో ఉండేదెవరు, మేలో కరెంటు పోతే ఏం చేస్తారు, డాక్టరు దగ్గరకు ఎవరు తీసుకెళ్తారు?

కుక్క స్థానంలోకి పిల్లి

మన ఇళ్లలోకి ఈ బొచ్చు పిల్లులు ఊరికే రాలేదు. అపార్ట్‌మెంట్ బతుకు వాటికి దారి వేసింది. కుక్కయితే పొద్దున్నే లేచి తిప్పాలి, వానొచ్చినా తిప్పాలి. మొరిగితే పక్క ఫ్లాటువాళ్లు అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ పెడతారు. పిల్లికి ఆ బాధ లేదు. ఇసుక పెట్టెలో దాని పని అది చూసుకుంటుంది, మిగతా సమయం చాలావరకు నిద్రపోతుంది. ఆపైన రీల్స్ ఉండనే ఉన్నాయి. పెంపుడు జంతువులు వద్దని అపార్ట్‌మెంట్ సంఘాలు తీర్మానాలు చేసుకున్నా చెల్లవని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది.

ఇలా వచ్చినవాటిలో ముందు వరుస పర్షియన్‌ది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ‘పిల్లి కొన్నాం’ అంటే చాలాకాలం పర్షియనే అనుకునేవాళ్లు. ఈమధ్యే దానికి పోటీగా మెయిన్ కూన్ వచ్చింది. పర్షియన్ పది పదిహేను వేలల్లో కూడా దొరుకుతుంటే, మెయిన్ కూన్‌కు లక్ష చుట్టూ అడుగుతున్నారు. అంత పెట్టి కొన్నది నిజంగా మెయిన్ కూనేనా అన్నది ఇంకో ప్రశ్న. దాని సంగతి తర్వాత చూద్దాం.

రాజుల ఒడి, ఓడల గిడ్డంగి

రెండిటికీ పొడుగు బొచ్చే. పెరిగిన చోట్లు మాత్రం వేరు. పర్షియన్ కథ 1620 ప్రాంతంలో మొదలవుతుంది. పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ యాత్రికుడు పర్షియాలోని ఖొరాసాన్ నుంచి పొడుగు బొచ్చు పిల్లుల్ని తన దేశానికి తెచ్చాడంటారు. టర్కీ వైపు నుంచి వచ్చిన అంగోరా పిల్లులూ వాటితో కలిశాయి. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హ్యారిసన్ వెయిర్ అనే ఆయన పిల్లుల ప్రదర్శన భారీగా పెట్టేనాటికి పర్షియన్ దర్జా ఇళ్ల పిల్లి అయిపోయింది. తమాషా ఏమిటంటే, అమెరికాలో చేసిన జన్యు పరీక్షల్లో నేటి పర్షియన్లు పశ్చిమాసియా పిల్లులకంటే యూరప్ పిల్లులకే దగ్గర చుట్టాలని తేలింది. అంటే మనం చూస్తున్న పర్షియన్ చాలావరకు ఇంగ్లండ్, అమెరికా పెంపకందారులు తీర్చిదిద్దిన పిల్లి.

మెయిన్ కూన్ అమెరికా ఈశాన్య మూలన, మంచు కురిసే మెయిన్ రాష్ట్రంలో పుట్టింది. ఓడరేవులు, పొలాలు, గడ్డివాములు దాని లోకం. పని ఎలుకలు పట్టడం. ఫ్రాన్స్ రాణి పంపిన పిల్లుల సంతతి అనీ, రకూన్ అనే అడవి జంతువుతో కలిసి పుట్టిందనీ కథలున్నాయి. రెండోది ప్రకృతిలో జరిగే పనే కాదు. 1895లో న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ప్రదర్శనలో కోజీ అనే చారల ఆడపిల్లి ఉత్తమ పిల్లిగా గెలిచి వెండి మెడపట్టీ అందుకుంది. ఆ తర్వాత పర్షియన్ల మోజులో మెయిన్ కూన్‌ను జనం మరిచిపోయారు. 1950ల చివరికి ఆ జాతి అంతరించిందనే ప్రచారం కూడా జరిగింది. పొలాల్లో మాత్రం అది ఎలుకలు పట్టుకుంటూనే ఉంది. 1985లో మెయిన్ తన రాష్ట్ర పిల్లిగా దాన్నే ప్రకటించింది.

ఈ చరిత్రంతా ఇప్పుడెందుకంటే, ఒడిలో పెరిగిందానికీ గిడ్డంగిలో పెరిగిందానికీ ఒళ్లూ గుణమూ రెండూ తేడానే.

> పక్కపక్కన నిలబెడితే...
>
> బరువు: పర్షియన్ 3 నుంచి 5.5 కిలోలు. మెయిన్ కూన్‌లో ఆడవి 4 నుంచి 6 కిలోలు, గండుపిల్లి 8 కిలోలు కూడా దాటుతుంది.
>
> ఎదుగుదల: మెయిన్ కూన్ పూర్తిగా ఎదగడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కొన్ననాటి పంజరం, ఇసుక పెట్టె ఏడాదికే చాలవు.
>
> గొంతు: పర్షియన్ అరుదుగా అరుస్తుంది. మెయిన్ కూన్ అంత ఒళ్లు పెట్టుకుని పిట్టలాంటి సన్నటి కూత తీస్తుంది.
>
> రికార్డు: స్టూయీ అనే మెయిన్ కూన్ 123 సెంటీమీటర్ల పొడవుతో 2010లో గిన్నిస్ రికార్డుకెక్కింది.
>
> సినిమా: హ్యారీ పోటర్ చిత్రాల్లో మిసెస్ నోరిస్‌గా నటించినవి మెయిన్ కూన్లే.

డబ్బు పెట్టి జబ్బు

మన పెట్ షాపుల్లో పర్షియన్లకు వేరే భాష ఉంది. కాస్త ముక్కు కనిపిస్తే ‘డాల్ ఫేస్’. సగం లోపలికి పోతే ‘సెమీ పంచ్’. గుద్దితే చదునైనట్టు కళ్ల మధ్యకు చేరితే ‘పంచ్ ఫేస్’. ముక్కు ఎంత లోపలికి పోతే ధర అంత పైకి పోతుంది.

నాకు ఈ బేరమే అర్థం కాదు. వందేళ్ల కిందటి ఫొటోల్లో పర్షియన్‌కు చక్కగా ముక్కుంది. ప్రదర్శనల్లో గుండ్రటి ముఖానికి బహుమతులిస్తూ పోయేసరికి, ముఖ్యంగా గత శతాబ్దం రెండో సగంలో, మూతి చదునై కూర్చుంది. ముఖం ఎముక కురచైనా లోపలి కండ, చర్మం అదే దామాషాలో తగ్గలేదు. దాంతో గాలి వెళ్లే దారి ఇరుకైంది. కన్నీళ్లు ముక్కులోకి దిగే గొట్టం మెలిక తిరిగి నీళ్లు బుగ్గల మీదికే కారతాయి, తెల్ల బొచ్చు మీద ఎర్రటి చార కడతాయి. దవడ పొట్టి, పళ్లు ఇరుకు. పళ్లెంలో గింజలు పట్టుకోవడం కూడా కొన్నిటికి కష్టమే. నిద్రలో గురక పెడుతుంటే ‘ఎంత ముద్దుగా ఉందో’ అని వీడియో తీస్తాం. ముద్దు మాట తర్వాత, దానికి గాలి అందడం లేదు.

పర్షియనే కావాలనుకుంటే ముక్కు బయటికి కనిపించేదాన్ని తెచ్చుకోండి. షాపువాళ్లు దాన్ని తక్కువ రకంగా చూపిస్తారు, ధర తగ్గిస్తారు. మీకు రెండు విధాలా లాభం. పుసులు తుడిచే పని అప్పుడూ ఉంటుంది గానీ కాస్త తగ్గుతుంది.

దువ్వెన ఎవరి చేతిలో?

పర్షియన్ బొచ్చు అడుగున దూదిలా మెత్తగా, ఒత్తుగా ఉంటుంది. అదే దాని అందం, అదే మన పని. రెండు మూడు రోజులు వదిలేస్తే చంకల్లో, చెవుల వెనుక, తోక కింద ఉండలు కడుతుంది. ఆ ఉండ చర్మాన్ని లాగుతూ ఉంటుంది కాబట్టి అక్కడ చేయి వేస్తే కరుస్తుంది. ‘మా పిల్లికి కోపం ఎక్కువ’ అని డాక్టరు దగ్గరకు తెచ్చే కొన్ని పర్షియన్ల కోపానికి కారణం ఈ ఉండలే. స్టీలు పళ్ల దువ్వెనతో రోజుకు పది నిమిషాలు, ముఖం తడిగుడ్డతో ఓసారి. పండగైనా, పరీక్షలైనా, ఇంట్లో పెళ్లైనా ఇది తప్పదు. నాలుకతో నాక్కుని శుభ్రం చేసుకోవడం నిజమే. అలా మింగిన బొచ్చే ఉండగా మారి వాంతిలో బయటికొస్తుంది.

మెయిన్ కూన్ బొచ్చు తీరు వేరు. భుజాల దగ్గర పొట్టిగా, పొట్ట కింద, వెనక కాళ్ల మీద పొడుగ్గా, కాస్త జిడ్డుగా, పట్టుకుచ్చులా జారిపోతూ ఉంటుంది. మంచులో, తడిలో ఆరాలి కదా మరి! అందుకే చిక్కు పడటం తక్కువ. వారానికి రెండుసార్లు దువ్వితే సరిపోతుంది. సోఫా మీద రాలడంలో మాత్రం తేడా ఉండదు, రెండూ రాలుస్తాయి. నల్ల ప్యాంటు వేసుకుని ఆఫీసుకెళ్లేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పెద్దవాళ్లు ఇంట్లో ఉండి, మధ్యాహ్నం టీవీ చూస్తూ ఒడిలో పెట్టుకుని దువ్వే ఓపిక ఉన్న ఇంట్లో పర్షియన్ హాయిగా ఒదిగిపోతుంది. దానికి గోల పడదు, అలమరాలు ఎక్కాలన్న ఆరాటం తక్కువ. ఇద్దరూ ఉద్యోగాలకెళ్లి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే ఇంట్లో దాని బొచ్చు మూణ్నెల్లకే గొరిగించాల్సి వస్తుంది.

పర్షియన్లతో ఇంకో చిక్కు తామర. ఒత్తు బొచ్చులో ఆ శిలీంధ్రం పైకి కనిపించకుండా దాక్కుని, పిల్లల చేతుల మీద గుండ్రటి మచ్చగా తేలుతుంది. కోస్తాలో వానాకాలపు ఉక్కలో మరీ జాగ్రత్త. ఇంట్లో ఎవరికైనా తామర పదేపదే వస్తుంటే మనిషికి ఒక్కరికే మందు రాస్తే తగ్గదు, పిల్లికీ వైద్యం జరగాలి.

నీడలా తిరిగేది

మెయిన్ కూన్ ఒళ్లు చూసి భయపడతారు కానీ, గుణం చూస్తే మెత్తన. మీరు వంటింట్లో ఉంటే వంటింట్లో, స్నానాల గది తలుపేస్తే తలుపు ముందు. బంతి విసిరితే తెచ్చిచ్చేవీ ఉన్నాయి. నీళ్లంటే పిల్లులకుండే జంకు వీటిలో చాలావాటికి తక్కువ. కుళాయి కింద పంజా పెట్టి ఆడుకుంటాయి, గిన్నెలో నీళ్లు నేల మీద చిమ్ముతాయి. కాస్త మొరటుగా ఎత్తుకున్నా ఓర్చుకుంటాయి కాబట్టి బడి వయసు పిల్లలున్న ఇంటికి ఇదే బాగా కుదురుతుంది. అలాగని నాలుగేళ్ల పిల్లాడికి ఏడెనిమిది కిలోల పిల్లిని అప్పగించి వెళ్లమని కాదు.

దానికి కావాల్సినవి చోటు, తోడు. ఎక్కడానికి గట్టి స్తంభం, గోక్కోవడానికి చెక్క, ఓ మనిషి ధ్యాస. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లో పొద్దుట్నుంచి రాత్రిదాకా ఒంటరిగా వదిలేస్తే కర్టెన్లు దిగుతాయి. తిండి ఖర్చు ఎక్కువ, ఇసుక ఎక్కువ, బజారులో మామూలుగా దొరికే ఇసుక పెట్టె దానికి చాలదు.

మే నెల పరీక్ష

ఇద్దరిలో ఎవరూ మన ఎండలకు పుట్టినవాళ్లు కారు. పిల్లికి ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రమే పడుతుంది. వేడి తట్టుకోలేకపోతే నోరు తెరిచి రొప్పుతుంది. కుక్క రొప్పితే మామూలే, పిల్లి రొప్పిందంటే ప్రమాదం ముంచుకొచ్చినట్టే. చదును ముక్కు పర్షియన్‌కు ఆ రొప్పడానికీ గాలి చాలదు. 42 డిగ్రీలు దాటే రోజుల్లో మధ్యాహ్నం కరెంటు పోతే, ఇన్వర్టర్ మీద కనీసం ఫ్యాను తిరగాలి, చల్లటి గచ్చు మీద నీడ ఉండాలి. పొట్ట కింద, తోక కింద బొచ్చు కత్తిరించడం మంచిదే. ఒళ్లంతా నున్నగా గొరిగిస్తే చర్మం ఎండకు కమిలిపోతుంది. ఏసీ బిల్లు భరించలేని ఇంటికి ఈ రెండిటిలో ఏదీ వద్దనే అంటాను.

> వంటింట్లో, మందుల డబ్బాలో జాగ్రత్త
>
> పెరుగన్నం: శాకాహార ఇళ్లలో పిల్లికీ అదే పెడుతుంటారు. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం, చేపల నుంచే అందాలి. అది లేకపోతే చూపు పోతుందని 1975లో, గుండె దెబ్బతింటుందని 1987లో పరిశోధకులు తేల్చారు. మాంసం ముట్టని ఇల్లయితే టారిన్ కలిపిన పిల్లి ఆహారం కొనక తప్పదు.
>
> పాలు: కళ్లు మూసుకుని తాగినా తెరిచి తాగినా, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలవుతాయి.
>
> పారాసిటమాల్: జ్వరమని ఒక్క మాత్ర వేసినా ప్రాణం పోవచ్చు.
>
> కుక్కల పిడుదు మందు: పర్మెత్రిన్ ఉన్నది పిల్లికి విషం.
>
> లిల్లీ పూలు: బొకేల్లో వచ్చే అసలైన లిల్లీల ఆకు నమిలినా, పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడవుతాయి.

కాగితాలు చూపించమనండి

‘కేసీఐ పేపర్స్ ఉన్నాయండీ’ అని పిల్లిని అంటగట్టేవాళ్లు తగిలితే అక్కడే ఆగిపోవాలి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కుక్కలది, పిల్లులకు సంబంధం లేదు. పిల్లులకు వంశపత్రం ఇచ్చే సంస్థలు వేరే ఉన్నాయి. లక్ష పెట్టి కొంటున్నప్పుడు వంశపత్రంతోపాటు తల్లినీ తండ్రినీ చూపించమనాలి. చెవుల మీద కుచ్చులున్నంత మాత్రాన ప్రతి బొచ్చు పిల్లీ మెయిన్ కూన్ కాదు. పొడుగు బొచ్చు జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే వీధి పిల్లికీ కుచ్చు తోక వస్తుంది.

అంతకంటే ముఖ్యం ఆరోగ్య పత్రాలు. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. దానికి కారణమైన జన్యుదోషాన్ని 2004లో గుర్తించారు. అంతకుముందు వివిధ దేశాల్లో చేసిన పరీక్షల్లో మూడో వంతుకు పైగా పర్షియన్లలో ఈ జబ్బు కనిపించింది. తల్లిదండ్రుల్లో ఒక్కరికున్నా పిల్లకు రావచ్చు. పిల్లప్పుడు ఏమీ తెలియదు, ఏడేళ్ల వయసు చుట్టూ బయటపడుతుంది. అప్పటికి అది ఇంట్లో మనిషైపోయి ఉంటుంది. మెయిన్ కూన్‌కు గండం గుండె కండరం మందమవడం. దానికి సంబంధించిన జన్యుదోషాన్ని 2005లో కనుక్కున్నారు. రెండిటికీ బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి చేసే పరీక్ష ఉంది. మెయిన్ కూన్ విషయంలో ఆ పరీక్ష బాగున్నా గుండె జబ్బు రాదన్న భరోసా లేదు, అందుకే తల్లిదండ్రుల గుండె స్కానింగ్ కూడా అడగాలి. మన దగ్గర అమ్మేవాళ్లలో ఇవి చూపించేవాళ్లు అరుదు. నలుగురు అడగడం మొదలుపెడితే కదా చూపించేది!

వయసు కూడా అడగండి. ఎనిమిది వారాలు నిండని కూనల్ని అమ్మకూడదని 2018 నాటి పెట్ షాపుల నిబంధనలు చెబుతున్నాయి. అయినా నెల దాటిన కూనల్ని ‘రెండు నెలలండీ’ అని చేతిలో పెడుతుంటారు. తల్లి పాలు మానక ముందే, ట్రైక్యాట్ టీకా పడక ముందే వచ్చిన ఆ కూనల్ని పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ రోజుల వ్యవధిలో తీసుకుపోతుంది. పిల్లలు ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంటారు. ఆ ఏడుపు తట్టుకోలేక వారంలో ఇంకో కూనను తెస్తే, ఇంట్లోనే మిగిలున్న వైరస్ దాన్నీ పట్టుకుంటుంది.

కోడలు నెల తప్పితే...

పిల్లి ఇల్లు వదలాల్సి వచ్చే సందర్భాల్లో ఇదొకటి. ‘కడుపుతో ఉన్నప్పుడు పిల్లి ఉండకూడదట’ అని ఎవరో ఒక పెద్దమ్మ అంటుంది. మర్నాటికి పిల్లి ఏ మార్కెట్ దగ్గరో ఉంటుంది. ఇంట్లో పెరిగిన బొచ్చు పిల్లికి రోడ్డు మీద బతకడం చేతకాదు. భయానికి ఓ ఆధారం ఉంది, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. అది సోకిన పిల్లి మలంలో బయటపడే గుడ్లలాంటివి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. గర్భిణి ఇసుక పెట్టె ముట్టకుండా, ఇంట్లో ఇంకొకరు రోజూ శుభ్రం చేస్తే, పిల్లికి పచ్చి మాంసం పెట్టకుండా బయటికి వదలకుండా ఉంటే ముప్పు చాలా తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల నుంచీ అది వస్తుందని ఆ పెద్దమ్మకు చెప్పాలి. ఆ పెట్టె శుభ్రం చేసే ‘ఇంకొకరు’ అల్లుడో కొడుకో అయితే మరీ మంచిది.

తుమ్ములు, ఆయాసం ఉన్నవాళ్లు పొట్టి బొచ్చు పిల్లయితే పర్లేదనుకుంటారు. ఎలర్జీ తెచ్చే ప్రొటీన్ ఉండేది పిల్లి ఉమ్మిలో, చర్మ గ్రంథుల్లో. కొనే ముందు పిల్లి ఉన్న స్నేహితుల ఇంట్లో ఓ పూట కూర్చుని చూస్తే తెలిసిపోతుంది.

బాల్కనీ మాటేమిటంటే, పిల్లి ఎంత ఎత్తు నుంచి పడ్డా కాళ్ల మీదే వాలుతుంది, ఏమీ కాదు అంటారు. న్యూయార్క్‌లో భవనాల నుంచి పడి ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల్లో 90 శాతం బతికాయని 1987లో ఓ అధ్యయనం వచ్చింది నిజమే. ఆసుపత్రి దాకా రానివి ఆ లెక్కలో లేవు. పావురాల కోసం కట్టించిన నైలాన్ వల ఎనిమిది కిలోల మెయిన్ కూన్ ఎక్కితే ఊడొస్తుంది, దానికి ఇనప జాలీయే కావాలి.

పిల్లలు వెళ్లిపోయాక

ఈ పిల్లులు పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతాయి. ఆరో తరగతిలో పట్టుబట్టి తెచ్చుకున్న అబ్బాయి ఇంటర్‌కు హాస్టల్‌కు, ఎంఎస్‌కు విదేశానికి వెళ్లేసరికి పిల్లి ముసలితనానికి దగ్గరపడుతుంది. మన ఇళ్లలో చివరికి పిల్లి అమ్మానాన్నలదే. కాబట్టి కొనేటప్పుడే వాళ్ల ఓపికను బట్టి ఎంచుకోవడం మేలు. అరవై దాటిన నడుముతో గండు మెయిన్ కూన్‌ను బుట్టలో పెట్టి రెండంతస్తులు దింపడం తేలిక కాదు. రోజూ పది నిమిషాలు దువ్వడం మాత్రం వాళ్లకు చేతనవుతుంది.

కొందరు పిల్లలు ఉద్యోగం రాగానే పిల్లిని తమ దగ్గరికి తెప్పించుకుంటారు. అక్కడా జాతి అడ్డొస్తుంది. విమానం క్యాబిన్లో బుట్టతో కలిపి బరువు పరిమితి ఉంటుంది. పర్షియన్ చాలావరకు అందులో సరిపోతుంది, మెయిన్ కూన్ తరచూ కార్గోకే వెళ్లాలి. పర్షియన్ కార్గోలో వెళ్లాల్సి వస్తే ఊపిరాడదన్న భయంతో చదును ముక్కు జాతుల్ని చాలా ఎయిర్‌లైన్స్ ఎక్కించుకోవు. బ్రిటన్‌కైతే ముందు మైక్రోచిప్, తర్వాత రేబిస్ టీకా, నెల ఆగి రక్త పరీక్ష, ఆ రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలల నిరీక్షణ. అబ్బాయికి వీసా స్టాంపు పడ్డాక కాదు, అప్లికేషన్ పెట్టిన వారమే పిల్లికి చిప్ వేయించాలి.